పట్టాల నడుమ సందు
బాల్యమున నేర్చిన నియమములను సడలించుకొనుట

(సంఘ సభయందలి ప్రసంగపాఠము)



బిలాస్‌పూరు నుండి కట్నీ పోవు మార్గమున సుమారు 30 కిలోమీటర్ల దూరమున కర్గీ రోడ్ స్టేషను కలదు. ఊరి పేరు కోటా. స్టేషను పేరు కర్గీ రోడ్. ఇచట దిగిన తెలుగువాడు మొదటిసారి ఈ రెండు పేర్లకు నడుమ తికమకపడును. ఇచటి నుండి బండి బేల్‌గహనా, ఖోంగ్‌సరా, భన్వర్ టోంక్ మీదుగా కొండదారి నెక్కి పెండ్రా రోడ్ చేరును. 1887లో ఏర్పడిన బెంగాలు నాగపూరు రైల్వే 1891లో బిలాస్‌పూరును ఉమరియాతో కలిపినది. 1902లో వాల్తేరు–కటకము దారియు ఆ కంపెనీ చేతికి వచ్చెను. 1931లో విజయనగరము–రాయపూరు మార్గము పూర్తియయ్యెను. నాటి నుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల వారికి ఛత్తీస్‌గఢ్ దేశము పొరుగూరివలె నాయెను. కంపెనీ పోయి 1955లో ఆగ్నేయ రైల్వే వచ్చినను, 2000లో క్రొత్త రాష్ట్రము ఏర్పడినను, 2003లో బిలాస్‌పూరు కేంద్రముగా ఆగ్నేయ మధ్య రైల్వే పని ప్రారంభించినను, తెలుగు కుటుంబముల రాకపోకలు ఆగలేదు.

బదిలీ ఉత్తరువు చేతబట్టుకొని వచ్చిన ప్రతి కుటుంబమును ఒక ఇనుపపెట్టె, ఒక పరుపుచుట్ట, ఒక ఆవకాయ జాడీ తెచ్చుకొన్నది. వీనితోపాటు బరువు తూచని సామాను మరియొకటి వచ్చినది. దానికి లగేజి టిక్కెట్టు లేదు. అదియే బాల్యమున నేర్చిన నియమముల మూట. నేటి ప్రసంగమునకు ఆ మూటయే విషయము.

ఆ మూటను విప్పి చూచినచో ఎన్నియో కనబడును. విస్తరిలో మెతుకు విడువరాదు. స్నానము కానిదే పొయ్యి ముట్టరాదు. పెద్దల మాటకు బదులు చెప్పరాదు. ఎవరిని చేయి చాచి అడుగరాదు. మగపిల్లవాడు కంటతడి పెట్టరాదు. పని మిగిలియుండగా కూర్చుండరాదు. ఇంటి ఇల్లాలు అందరును భుజించిన పిమ్మటనే భుజింపవలెను. వీనిలో ఏదియు చెడ్డ మాట కాదు. చెప్పినవారు పిల్లల మేలు కోరియే చెప్పిరి. ఐనను ఏబది యేండ్లు నిండిన ఉద్యోగి, ఆకలి లేకున్నను, వైద్యుడు వలదన్నను, కంచములోని కడపటి ముద్దను కష్టముతో మ్రింగుచున్నచో, అతనిచేత దానిని మ్రింగించుచున్నది ఎవరని అడుగవలసియున్నది. అతని తల్లి కీర్తిశేషురాలై యుండవచ్చును. ఆమె మాట మాత్రము కంచము ప్రక్కనే కూర్చున్నది.

ఆ మాటకొక పుట్టుక కలదు. 1832–33లో గుంటూరు మండలమున నందననామ సంవత్సరపు కరువు వచ్చినది. దానికే డొక్కల కరువని పేరు. 1876–78లో ధాత కరువు వచ్చినది. గంజి కేంద్రముల వద్ద నిలుచున్నవారి మనుమలు, మునిమనుమలు పెంచిన బిడ్డలే తరువాతి తరముల తల్లిదండ్రులు. అట్టి ఇండ్లలో మెతుకు పారవేయుట పాపమనుట కేవలము ఆచారము కాదు, అనుభవము. ప్రతి నియమము వెనుకను ఇట్టి భయమో, లేమియో, ప్రేమయో దాగియుండును. కాలక్రమమున భయమునకు కారణము తొలగును, లేమి తీరును. నియమము మాత్రము కారణమును మరచి ఒంటరిగా నిలిచియుండును.

బాలునికి నియమము ఎట్లు కనబడునో పరిశీలించిన పండితుడొకడు స్విట్జర్లాండు దేశమున ఉండెను. అతని పేరు జా పియాజె. 1932లో ప్రకటించిన గ్రంథమునకై అతడు న్యూషాటెల్, జెనీవా నగరముల పిల్లలతో కలసి నేలపై కూర్చుండి గోళీలాట గూర్చి ప్రశ్నలు వేసెను. ఈ ఆట నియమము లెవరు చేసిరి? వీనిని మార్చవచ్చునా? చిన్నపిల్లలు మార్చరాదనిరి. నియమములు తండ్రుల నుండియో, ఊరి పెద్దల నుండియో, దేవుని నుండియో వచ్చినవని వారి నమ్మకము. వింత యేమనగా, నియమము మార్చరానిదని పట్టుపట్టిన ఆ చిన్నవారే ఆటలో దానిని సరిగా పాటింపలేకపోయిరి. పది పండ్రెండేండ్లు వచ్చిన పిల్లలు వేరుగా చెప్పిరి. ఆడువారందరు ఒప్పుకొన్నచో నియమమును మార్చుకొనవచ్చునని వారి అభిప్రాయము. మరియు వీరే ఆ నియమములను చక్కగా పాటించిరి. నియమము మనుష్యులు తమ మేలునకై చేసికొన్నదని తెలిసిన తరువాతనే మనుష్యుడు దానిని తెలివితో పాటించునని దీనివలన స్పష్టమగుచున్నది.

గోళీలాటలో పెరిగినంత సులభముగా ఇంటి నియమములలో ఎవరును పెరుగరు. ఆరేండ్ల వయస్సున నాటుకొన్న మాట అరువదేండ్లకును ఆరేండ్ల బాలుని కంఠముతోనే పలుకుచుండును.

కర్గీ రోడ్ వంటి స్టేషనులో క్వార్టర్సునందు కాపురముండు ఒక తెలుగు ఇంటిని ఊహింపుడు. ఇంటి యజమాని గూడ్సు బండి గార్డు. 2022 నుండి ఆ ఉద్యోగమునకు ట్రైన్ మేనేజరని పేరు. అతని భార్య విజయనగరము వైపు పల్లెనుండి వచ్చినది. భర్త తినక ముందు తాను తినరాదని ఆమె తల్లియు, నాయనమ్మయు నేర్పిరి. ఆ పల్లెలో ఆ నియమము కష్టమైనది కాదు. నాగలి విప్పిన మగవాడు దీపముల వేళకు ఇంటికి వచ్చును. ఆమె గంటసేపు ఆగును, అంతే. రైల్వే ఉద్యోగికి దీపముల వేళ యని యొకటి లేదు. బొగ్గు బండి ఒక లూపులో నాలుగు గంటలు నిలువబడవచ్చును. సాయంకాలమునకు రావలసినవాడు రాత్రి రెండు గంటలకు వచ్చును. పెండ్రా రోడ్ దాటినచో మరునాటికే రాక.

ఆమె కూర్చుండియే యుండును. అన్నము చల్లారును, పులుసు రెండుసార్లు వెచ్చబెట్టబడును. అతడు వచ్చును. త్రోవలో ఎచటనో రన్నింగు రూములో రెండు రొట్టెలు తినివచ్చెను, ఆకలి లేదు. ఐనను తాను తినక ఆమె తినదని ఎరిగి కూర్చుండి తినును. ఆమెకు ఆకలి చచ్చిపోయినది. అతడు తినెను గాన తానును తినును. ఒకరికై ఒకరు చేసిన త్యాగము ఇద్దరికిని అజీర్ణముగా పరిణమించును. ఇద్దరికిని చిరాకు. తెల్లవారి బిడ్డ పాఠశాలకు పోవు వేళకు తల్లికి తల తిరుగును. ఎవరి తప్పును లేదు, తప్పు వేళది. నియమము సూర్యుని గడియారముతో పుట్టినది. సంసారము రైలు గడియారముతో నడచుచున్నది.

ఇది చిన్న విషయమని తోచవచ్చును. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో భారతదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. దానికి కారణములు పెక్కు. ఇంటిలో కడపట, మిగిలినది తినుట ఆ కారణములను మరింత బలపరచునదే గాని తగ్గించునది కాదు. అట్లే మధుమేహము గలవారు దేశమున 10 కోట్లకు పైబడినట్లు 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనము తెలిపినది. ఇన్సులిన్ వేసికొనువారు, కొన్ని రకముల మాత్రలు వేసికొనువారు ఏకాదశినాడు మందు మానక భోజనము మాత్రము మానినచో రక్తములోని చక్కెర పడిపోయి సొమ్మసిల్లుదురు. బాల్యమున నేర్చిన ఉపవాసము బాల్యమున లేని వ్యాధితో కలిసినప్పుడు, ఏది సడలవలెనో వైద్యుని అడిగి నిర్ణయింపవలెను.

మనోవైద్యులు ఈ సంగతిని చాలకాలము క్రిందటనే గుర్తించిరి. జర్మనీలో జన్మించి అమెరికాలో వైద్యము చేసిన కారెన్ హార్నీ 1950లో ప్రకటించిన గ్రంథమున, మనుష్యుని లోపల కూర్చుండి ఇట్లుండవలెను, అట్లుండవలెనని శాసించు నిరంకుశత్వమును విస్తరించి వర్ణించెను. 1955 ప్రాంతమున ఆల్బర్ట్ ఎల్లిస్, ఆ తరువాతి దశాబ్దమున ఏరన్ బెక్ చికిత్సామార్గములను ఏర్పరచిరి. వారి మార్గములలోని సారమును తెలుగున చెప్పవలెనన్న ఒక ప్రత్యయము చాలును. ‘చేయవలెను’ అను మాటను ‘చేయుట మంచిది’ అని మార్చి పలుకుట. ‘ఎన్నడును తప్పరాదు’ అను దానిని ‘వీలైనంతవరకు తప్పను’ అని మార్చుట. ప్రత్యయము మారినంతనే మెడమీది బరువు కొంత దిగును. మంచితనము మాత్రము దిగదు.

ఇచట సభలోని అనుభవజ్ఞులైన రైల్వే ఉద్యోగులకు ఒక శంక కలుగవచ్చును. నియమములు సడలింపుమని రైల్వే ఊరిలో చెప్పవచ్చునా? ఎఱ్ఱ సిగ్నలును ‘ఆగుట మంచిది’ అని చదువువాడు రైలు నడుపుటకు తగునా? తగడు. ఈ శంక ఉచితమైనది. దీనికి సమాధానము రైల్వే పుస్తకమునందే కలదు.

1976 నాటి జనరల్ రూల్సు దేశమంతటికిని ఒక్కటే. వాని క్రింద ఆయా రైల్వేలు తమ ప్రాంతమునకు తగినట్లు సబ్సిడియరీ రూల్సు చేసికొనును. వీనికి దిగువను ప్రతి స్టేషనుకును ప్రత్యేకముగా స్టేషన్ వర్కింగ్ రూల్సు ఉండును. మీది నియమమునకు క్రింది నియమము విరుద్ధముగా ఉండరాదు. కాని భన్వర్ టోంక్ కొండవాలు స్టేషనునకును, సమతలముననున్న స్టేషనునకును ఒకే వర్కింగు పుస్తకము పనికిరాదు. యార్డు మారినప్పుడు, సిగ్నలు మారినప్పుడు ఆ పుస్తకమును సవరింతురు. సవరించినవారిని ధర్మభ్రష్టులని ఎవరును అనరు. సవరింపకుండుటయే తప్పు.

ఎఱ్ఱ సిగ్నలు సంగతియు ఆలోచింపవలసినదే. స్వయంచాలక సిగ్నలు ఎఱ్ఱగానున్నచో లోకో పైలట్ బండి నాపవలెను. పగలు ఒక నిమిషము, రాత్రి రెండు నిమిషములు వేచియుండవలెను. అప్పటికిని ఎఱ్ఱగానేయున్నచో విహితమైన కూత వేసి, ఎదుట అడ్డమున్నచో ఆపగలుగునంత మెల్లగా ముందునకు సాగవచ్చునని ఆ పుస్తకమే చెప్పుచున్నది. ఇది నియమభంగము కాదు, నియమములోని నియమము. ముందు ఆగుట, పిదప వేచుట, తరువాత కనులు తెరచి మెల్లగా కదలుట. సొంత నియమమును సడలించువానికి ఇంతకన్న మంచి మార్గదర్శి లేదు. ఆగకుండ దూసికొనిపోవుట స్వేచ్ఛ కాదు. దారి యెరిగియు రాత్రియెల్ల ఎఱ్ఱదీపము క్రిందనే నిలుచుట క్రమశిక్షణయు కాదు.

ఇక పట్టాల సంగతి. 13 మీటర్ల ఉక్కు పట్టా 50 డిగ్రీల సెల్సియస్ వేడి పెరిగినచో సుమారు 7 మిల్లీమీటర్లు పొడుగగును. అందుచేతనే పూర్వపు ఇంజనీర్లు పట్టాకును పట్టాకును నడుమ కొంచెము సందు విడిచి ఫిష్ ప్లేటుతో బిగించిరి. బండి పోవునప్పుడు పిల్లలకు జోలవలె వినబడు టకటక చప్పుడు ఆ సందులదే. నేడు పట్టాలను పొడవుగా అతికించుచున్నారు. వాని చివరలనైనను వ్యాకోచమునకు ప్రత్యేకమైన అతుకులు అమర్చక తప్పదు. సందు లేని పట్టా ఎండకాలమున వంకరపోవును. దానిపై బండి పడిపోవును. పట్టా గట్టిగా ఉండవలసినదే. దానిని గట్టిగా నిలుపునది అది లోహమగుటయొక్కటే కాదు, దానికి విడిచిన సందు కూడ.

తెలుగు వ్యాకరణము చదివినవారికి ఇది క్రొత్త కాదు. 1858లో వెలువడిన పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణమును నాటి విద్యార్థులు బెత్తము దెబ్బలతో నేర్చిరి. ఆ శాస్త్రమున ఉత్వసంధి నిత్యము. అచ్చు పరమైనచో జరిగితీరవలెను. ఇత్వసంధి వైకల్పికము, చేసినను చేయకున్నను తప్పు లేదు. కొన్ని చోట్ల సంధి నిషేధము. అత్వసంధికి మాత్రము బహుళమని విధించిరి. బహుళమనగా ఒకచోట నిత్యముగా, ఒకచోట వికల్పముగా, ఒకచోట అసలే లేకుండ, ఒకచోట మరియొక విధముగా వచ్చునది. ఇంత కఠినమైన శాస్త్రమున కూడ మాట సహజమైన ఒదుగును గమనించి పండితులు చోటు విడిచిరి.

జీవితనియమములను కూడ ఇట్లు విభజించుకొనవచ్చును. సత్యము పలుకుట, పరుల సొమ్ము ముట్టకుండుట, విధినిర్వహణమున మత్తుగాని నిద్రగాని చేరనీయకుండుట నిత్యములు. ఒకరిని కొట్టుట, అవమానించుట నిషేధములు. భోజనపు వేళ, పండుగపూట పిండివంటల లెక్క, ఉడుపుల తీరు వైకల్పికములు. పెద్దల మాట జవదాటకుండుట, ఎవరిని సహాయమడుగకుండుట, పని ముగియనిదే విశ్రమింపకుండుట బహుళములు. బాలుడు అన్నిటిని నిత్యములుగనే నేర్చును, అది బాలధర్మము. పెద్దవాడైన పిమ్మట ఏది ఏ పట్టికలో చేరునో మరల వ్రాసికొనుట గృహస్థధర్మము. పని ముగియక విశ్రాంతి లేదను నియమమునకు రైల్వేశాఖయే సమాధానము చెప్పినది. 2005 నాటి పనివేళల, విశ్రాంతి నియమములలో విశ్రాంతి ఉద్యోగి సోమరితనముగా గాక, విధిలో భాగముగా లెక్కింపబడినది. నిద్రలేక బండి నడుపు కష్టజీవికన్న, నిద్రించి వచ్చినవాడు వేయిమంది ప్రయాణికులకు మేలు చేయును.

పూర్వగ్రంథములు ఈ విషయమున నేటివారు తలంచునంత బిగువుగా లేవు. ఛాందోగ్యోపనిషత్తున ఉషస్తి చాక్రాయణుని కథ కలదు. కురుదేశమున పంటలు పాడై కరువు వచ్చినది. ఆకలితో తిరుగుచున్న ఆ పండితుడు ఏనుగులవాడొకడు తినుచున్న గింజలను యాచించెను. ఎంగిలివి తప్ప వేరు లేవనగా వానినే ఇమ్మని తీసికొనెను. తిన్న పిమ్మట ఏనుగులవాడు నీరు కూడ ఇవ్వబోయెను. ఉషస్తి ఎంగిలి నీరు త్రాగనని నిరాకరించెను. గింజలు మాత్రము ఎంగిలివి కావా యని వాడడిగెను. అవి తినకున్నచో బ్రదుకనని, నీరు కావలసినచోట లభించునని ఉషస్తి సమాధానము. నియమమును ప్రాణము నిలుచునంతవరకే సడలించి, అవసరము తీరినంతనే మరల పట్టుకొనెను. సడలింపునకును విడిచిపెట్టుటకును గల భేదము ఆ ఒక్క చెంబెడు నీటిలో కలదు.

భారతమున కర్ణపర్వకథ మరియొకటి. గాండీవము నింకొకరి కిమ్మని పలికినవానిని చంపుదునని అర్జునుడు రహస్యముగా వ్రతము పట్టియుండెను. కర్ణుని చేత గాయపడి శిబిరమునకు చేరిన ధర్మరాజు, కర్ణుడింకను చావలేదని తెలిసి, కోపమున ఆ మాటయే పలికెను. అర్జునుడు అన్నగారిపై కత్తి దూసెను. కృష్ణుడు అడ్డుపడి, సత్యవ్రతమను పేర దొంగలకు దారి చూపి అమాయకుల చావునకు కారకుడైన కౌశికుడను తపస్వి కథ చెప్పెను. పిదప ఉపాయము చూపెను. పూజ్యుని ఏకవచనమున పిలిచి నిందించుటయే ఆయనకు చావుతో సమానము. అట్లు చేసిన వ్రతము చెల్లును, అన్నగారు బ్రదుకును. పెద్దలను ‘మీరు’ అనుటకు బదులు ‘నీవు’ అనినచో ఎంత గాయమగునో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. అట్లనిన పిమ్మట అర్జునునికి పశ్చాత్తాపము కలిగి ఆత్మహత్యకు సిద్ధపడెను. నియమమును సడలించినవానికి వెంటనే సంతోషము కలుగదు, దుఃఖమే కలుగునను సత్యమును ఆ కథ దాచలేదు. ఆత్మస్తుతియే ఆత్మహత్యతో సమానమని చెప్పి కృష్ణుడు రెండవ ముడిని కూడ విప్పెను.

చరిత్రలో గూడ ఇట్టివారు కలరు. కందుకూరి వీరేశలింగము పంతులు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. యౌవనమున పెదవులు కలియని అక్షరములతో శుద్ధాంధ్రమున నైషధకావ్యము వ్రాయునంతటి కఠిననియమములను తలకెత్తుకొనిరి. 1881లో మొదటి వితంతువివాహము జరిపించి సంఘనియమము నెదిరించిన వీరు కూడ భాషావిషయమున చాలకాలము గ్రాంథికము వైపే యుండిరి. 1919లో రాజమహేంద్రవరమున వ్యావహారిక భాషోద్యమమునకై ఏర్పడిన సమాజమునకు అధ్యక్షులైరి. అప్పటికి వయస్సు ఏడు పదులు. ఆ ఏడు మే నెలలోనే కాలధర్మము చెందిరి. మనస్సు మార్చుకొనుటకు కాలము మించిపోయినదను మాటకు వారి చివరి సంవత్సరమే ప్రత్యుత్తరము. (గ్రాంథికపు వాసన ఇంకను వదలని ఈ ప్రసంగమునకు ఆ సంగతి వర్తింపదని వినువారు నవ్వినచో అది న్యాయమే.)

కోటాలో 2006లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయమునకు సి.వి.రామన్ పేరు పెట్టిరి. ఆయన బాల్యము విశాఖపట్టణమున గడచినది. 1907లో కలకత్తాలో కేంద్రప్రభుత్వపు ఆర్థికశాఖలో ఉద్యోగిగా చేరి, కచేరి వేళలు ముగిసిన పిమ్మట పరిశోధన సాగించిరి. సర్కారు కొలువు విడువరాదనునది నాటి మధ్యతరగతి ఇండ్లలో తిరుగులేని శాసనము. 1917లో ఆయన, జీతము తక్కువైనను, ఆ కొలువు విడిచి విశ్వవిద్యాలయాచార్య పదవి స్వీకరించిరి. 1930లో నోబెల్ బహుమానము వచ్చినది. అందరును ఉద్యోగములు మానవలెనని దీని భావము కాదు. పదేండ్లు ఆ నియమమును గౌరవించి, తన జీవితమునకు అది చాలదని తెలిసికొన్న తరువాతనే ఆయన దాటెను.

సడలింపునకు మూల్యము కలదనుటకు గాంధీమహాత్ముడు సాక్షి. 1912లో ఆయన దక్షిణాఫ్రికాలో పాలు విడిచిరి. 1918లో తీవ్రముగా జబ్బుపడిరి. వైద్యులు పాలు తప్పవనిరి. ప్రతిజ్ఞ ఆవు, గేదె పాలను గూర్చినదే కదా యని కస్తూరిబా మేకపాలను సూచించెను. ఆయన అంగీకరించి కోలుకొనిరి. మాట నిలిచినను భావము చెడినదను ముల్లు మాత్రము తన మనస్సున మిగిలినదని ఆత్మకథలో దాచక వ్రాసిరి. అంతటివానికే ముల్లు మిగిలినప్పుడు సామాన్యునికి నాలుగు దినములు మనసు బాధింపదా? బాధించుట తప్పు చేసినందుకు గుర్తు కానక్కరలేదు. పాత చెప్పు విడిచి క్రొత్తది తొడిగిన పాదము కూడ కొన్నాళ్లు ఒరసికొనును.

ఇంటిలో ఈ పని మొదలు పెట్టువారు తొందరపడరాదు. ముందుగా నియమమును ఒక కాగితముపై ఒక్క వాక్యముగా వ్రాయవలెను. వ్రాసినంతనే, నోటితో ఎన్నడును పలుకని శాసనములు కొన్ని బయటపడును. పిమ్మట అది ఎవరు చెప్పిరి, ఏ యూరిలో, ఏ కష్టమున చెప్పిరని ఆలోచింపవలెను. దానిని తప్పినచో దెబ్బతినువారెవరు? ఇతరుల ప్రాణమో ధనమో గౌరవమో దెబ్బతినునెడల అది నిత్యము, దానిని ముట్టరాదు. తనకు మాత్రమే భయము కలుగునెడల అది సడలింపదగినది. సడలించునప్పుడు దానిలోని మేలిగింజను నిలుపుకొనవలెను. మెతుకు విడువరాదను నియమమును, మొదట కొంచెమే వడ్డించుకొనవలెనని మార్చినచో అన్నమును నిలుచును, కడుపును నిలుచును. ఎవరిని అడుగరాదను నియమమును, అడిగినది తిరిగి తీర్చవలెనని మార్చినచో అభిమానమునకు లోటు రాదు. ఒక్క నియమమును, ఒక్క దినము, చిన్న మేరకు సడలించి చూడవలెను.

ఇతరుల మూటను విప్పుటకు మాత్రము ఎవరికిని అధికారము లేదు. మడి కట్టుకొన్న వృద్ధురాలిని రైలులో నీరు త్రాగుమని గద్దించుటకన్న, ఆమె సొంత చెంబును శుభ్రముగా నింపి ఇచ్చుట మేలు. మరియు ఒక హెచ్చరిక. చేతులు పదేపదే కడుగనిదే, తాళము పలుమారులు లాగి చూడనిదే, ప్రాణము నిలువదనునంతగా నియమము పట్టినచో అది ఆచారము కాదు, అస్వస్థత. దానికి సిగ్గుపడక వైద్యుని చూడవలెను. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో ఏ వేళనైనను ఉచితముగా సలహా లభించును.

ఇక ఆ గార్డుగారి ఇంటికి మరల పోవుదురు గాక. అత్తగారు ఊరినుండి చూడవచ్చినది. మూడు రాత్రులు కోడలి జాగరణము చూచినది. నాలుగవనాటి రాత్రి తొమ్మిది గంటలకు తానే కంచము పెట్టి పిలిచినది.

“రా అమ్మా, తినెయ్.”

“ఆయన ఇంకా రాలేదు కదా అత్తయ్యా.”

“మా మామగారింట్లో మగాళ్లు దీపాలవేళకి వచ్చేసేవారు. నేను కాసుక్కూచున్నది గంటే. మీ ఆయన బండి ఎప్పుడొస్తుందో ఆ సిగ్నలుకే తెలీదు. నువ్వు తినెయ్. వాడొచ్చాక గ్లాసుడు మజ్జిగ పుచ్చుకుని వాడి దగ్గర కూచో. అదీ నేను కాసుక్కూచున్నది, అన్నం కోసం కాదు.”

ఆ ఇల్లాలికి మొదటి ముద్ద గొంతు దిగుటకు కొంతసేపు పట్టినది. రెండు గంటలకు భర్త వచ్చి, ఆమె తిన్నదని విని, తనకు ఆకలి లేదని ధైర్యముగా మొదటిసారి చెప్పెను. ఇద్దరును చెరియొక గ్లాసు మజ్జిగ త్రాగిరి. ఆ నియమమున అసలు సంగతి ఒకరికొకరు ఎదురు చూచుటయే. అది చెడలేదు, దాని చుట్టునున్న ఆకలి మాత్రము తొలగినది. ఆ సడలింపునకు ఆజ్ఞ ఇచ్చినది ఆ నియమమును జీవితమంతయు మోసిన పెద్దదియే. పెద్దలు తమ నోటితో తాము విప్పగలిగిన ముడిని పిల్లలు వయస్సంతయు పండ్లతో కొరుకవలసిన పని యుండదు. ఈ సభలోనున్న తల్లులు, తండ్రులు, అత్తలు, మామలు నేటి రాత్రి భోజనపువేళ అట్టి ముడి యొక్కటి విప్పినచో, ఈ సభ జరిగినందుకు ఫలము దక్కినట్లే.

స్వస్తి.